క్రియ, ప్రిపొజిషన్, సంబంధార్థక నామం – ఆంగ్ల ప్రయోగంలో వాటి కలయిక: కొల్లేటి సీమ ఉదాహరణలతో పరిశీలన

వ్యాససంగ్రహం:

ఆంగ్ల వ్యాకరణ బోధనలో క్రియ, ప్రిపొజిషన్, సంబంధార్థక నామం అనేవి మూడు వేర్వేరు పాఠాలు. వాస్తవ ప్రయోగంలో ఈ మూడూ ఒకే వ్యవస్థకు చెందిన అంగాలు. క్రియ నామంగా మారినప్పుడు కర్త సంబంధార్థక రూపాన్ని, కర్మ ప్రిపొజిషన్‌ను ఆశ్రయిస్తాయి. తెలుగులో ఈ రెండు పనులనూ చాలా సందర్భాల్లో ఔపవిభక్తిక రూపం ఒక్కటే నిర్వహిస్తుంది. ఈ భేదాన్ని ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు పరిసరాల స్థలనామాలు, వాడుక మాటల ఆధారంగా వివరించి, తెలుగు విద్యార్థుల ఆంగ్ల రచనలో కనిపించే దోషాలకు మూలాన్ని, బోధనలో అనుసరించదగిన మార్గాన్ని సూచించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: క్రియ, ప్రిపొజిషన్, షష్ఠీ విభక్తి, ఔపవిభక్తికం, సంబంధార్థక నామం, తులనాత్మక వ్యాకరణం, కొల్లేరు.

1. ఉపోద్ఘాతం:

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న కొల్లేరు మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏరులు తెచ్చే నీటిని తనలో నిలుపుకొని, ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతానికి పంపుతుంది. 1999లో ప్రభుత్వం ఈ సరస్సును +5 అడుగుల కాంటూరు వరకు వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో ఇది రామ్‌సర్ ఒప్పందపు చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో అభయారణ్య పరిధిలోని చేపల చెరువుల గట్లను పెద్ద ఎత్తున తొలగించారు. అభయారణ్య పరిధిని +3 కాంటూరుకు తగ్గించాలని 2008లో రాష్ట్ర శాసనసభ తీర్మానించింది.

ఈ చరిత్ర అంతా రెండు భాషల్లో నడిచింది. గ్రామస్థుల మాట తెలుగు. ఉత్తర్వులు, నివేదికలు, న్యాయస్థానపు వాదాలు ఎక్కువగా ఆంగ్లం. తెలుగులో పుట్టిన ఒక అభ్యర్థన ఆంగ్లంలోకి మారేటప్పుడు నామవాచకాలు సాధారణంగా సరిగానే మారుతాయి. తప్పిపోయేది వాటి మధ్యనున్న సంబంధం. ఎవరు చేశారు, దేనిని చేశారు, ఎవరికి చెందినది అన్న విషయాలను ఆంగ్లంలో మోసేవి చిన్న మాటలు: 'ఆఫ్', 'టు', 'బై', 'ఆన్', అపాస్ట్రఫీతో కూడిన 'ఎస్'. పరిశోధన వ్యాసానికి ఆంగ్ల సంగ్రహం రాసే విద్యార్థికి ఎదురయ్యే చిక్కు కూడా ఇదే.

మాతృభాషా నిర్మాణాన్ని, అభ్యసించే భాషా నిర్మాణాన్ని పోల్చి చూడాలన్న వాదానికి రాబర్ట్ లాడో 1957లో వెలువరించిన గ్రంథం ప్రసిద్ధమైన ఆధారం. విద్యార్థి దోషాలు అజాగ్రత్తకు గుర్తులు కావని, అవి అతని మనస్సులో రూపొందుతున్న వ్యాకరణానికి సాక్ష్యాలని పిట్ కార్డర్ 1967లో ప్రతిపాదించాడు. ఈ రెండు దృష్టులనూ కలిపి చూసినప్పుడు ప్రస్తుత విషయం సులభంగా బోధపడుతుంది.

2. స్థలనామాల్లోని వ్యాకరణం:

పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణంలో ఇ, టి, తి అనే వాటిని ఔపవిభక్తికాలుగా పేర్కొన్నాడు. ప్రథమేతర విభక్తులు చేరేటప్పుడు కొన్ని నామాల్లో కలిగే మార్పును ఇవి తెలుపుతాయి. ఊరు–ఊరి, ఏరు–ఏటి, చేయి–చేతి అన్నవి ఇందుకు పరిచితమైన ఉదాహరణలు.

ఈ ప్రాంతపు పేర్లలోనే ఈ సూత్రం కనిపిస్తుంది. 'ఏరు' అంతమందున్న కొల్లేరు 'కొల్లేటి' అవుతుంది. పెద్దింట్లమ్మ ఆలయమున్న కొల్లేటికోట పేరులో ఈ రూపమే స్థిరపడింది. బుడమేటి వరద, తమ్మిలేటి గట్టు, ఉప్పుటేటి మొగ అన్న మాటలు ఇదే తీరున ఏర్పడ్డాయి. 'ఊరు' అంతమందున్న ఏలూరు 'ఏలూరి' అవుతుంది. ఇది ఇంటిపేర్లలో నిలిచింది కాని, నేటి వ్యవహారంలో 'ఏలూరు కాలువ', 'ఏలూరు తివాచీలు' అని మార్పు లేని రూపమే ఎక్కువ. తాడేపల్లిగూడెం 'గూడేనికి' అన్నచోట మారుతుంది. 'గూడెంలో', 'గూడెం మార్కెట్టు' అన్నచోట మారదు.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటి ఉంది. 'కొల్లేటి' అన్న ఒకే రూపం రెండు పనులు చేస్తున్నది. 'కొల్లేటి చేపలు' అన్నప్పుడు అది సంబంధార్థకం. 'కొల్లేటికి', 'కొల్లేటిలో' అన్నప్పుడు అదే విభక్తి చేరడానికి ఆధారం. భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ 1985లో ప్రచురించిన ఆధునిక తెలుగు వ్యాకరణం కూడా ఈ రూపాన్నే సంబంధార్థానికి, ప్రత్యయాలకు ఉమ్మడి ఆధారంగా వివరించింది. అంటే తెలుగులో 'సంబంధార్థకం', 'ప్రిపొజిషన్ చేసే పని' అన్నవి ఒకే పునాది మీద నిలిచినవి.

ఆంగ్లం చరిత్ర ఇందుకు భిన్నం. ప్రాచీనాంగ్లంలో నామాలకు విభక్తి ప్రత్యయాలుండేవి. మధ్యాంగ్ల కాలానికి అవి చాలావరకు రాలిపోయాయి. వాటి పనిని ప్రిపొజిషన్లు, పదక్రమం పంచుకున్నాయి. నామాల్లో మిగిలిన పాత షష్ఠీ ప్రత్యయపు శేషమే నేటి అపాస్ట్రఫీ ఎస్. అందువల్ల ఆంగ్లంలో సంబంధార్థానికి రెండు దారులు ఏర్పడ్డాయి: ఒకటి నామానికి ముందు వచ్చే ఎస్ రూపం, మరొకటి నామం తరువాత వచ్చే 'ఆఫ్' పదబంధం. తెలుగు విద్యార్థికి ఒకే దారి అలవాటు. రెండింటిలో ఏది ఎన్నుకోవాలో చెప్పే సూచన అతని మాతృభాషలో లేదు.

3. ఒకే రూపం – అనేక సంబంధాలు:

కింది అయిదు పదబంధాల్లో 'కొల్లేటి' అన్న రూపం మారలేదు. సంబంధం మాత్రం అయిదు విధాలు.

(అ) కొల్లేటి చేపలు – నివాసం లేదా పుట్టుక. ఆంగ్లంలో 'ది ఫిష్ ఇన్ కొల్లేరు' లేదా 'ఫిష్ ఫ్రమ్ కొల్లేరు'.
(ఆ) కొల్లేటి గట్టు – అవయవ సంబంధం. 'ది బ్యాంక్ ఆఫ్ ది లేక్'.
(ఇ) కొల్లేటి దారి – గమ్యం. 'ది రోడ్ టు కొల్లేరు'.
(ఈ) కొల్లేటి ముంపు – ముంచేది కొల్లేరు. 'ఫ్లడింగ్ బై ది లేక్'.
(ఉ) కొల్లేటి పరిరక్షణ – రక్షణ పొందేది కొల్లేరు. 'ది ప్రొటెక్షన్ ఆఫ్ ది లేక్'.

చివరి రెండింటి మధ్య వ్యత్యాసం ముఖ్యమైనది. 'కొల్లేటి ముంపు'లో కొల్లేరు కర్త వంటిది; 'కొల్లేటి పరిరక్షణ'లో కర్మ. తెలుగు వినేవాడికి ఇందులో సందేహం రాదు. లోకజ్ఞానం అర్థాన్ని నిర్ణయిస్తుంది. అయితే 'పంటల ముంపు' అన్నప్పుడు మునిగేవి పంటలు. 'కొల్లేటి ముంపు', 'పంటల ముంపు' రెండింటినీ 'ఆఫ్' అన్న ఒక్క మాటతో అనువదిస్తే, ముంచినదెవరో, మునిగినదేదో వేరుపరచే అవకాశం పోతుంది.

పాణినీయ సంప్రదాయంలో షష్ఠి ప్రధానంగా కారకాలు కాగా మిగిలిన సంబంధాలకు స్థానం. కృదంతాల విషయంలో కర్తకూ కర్మకూ కూడా షష్ఠి వస్తుందని ఆ సంప్రదాయం గుర్తించింది. కాబట్టి పైన చెప్పిన సందిగ్ధత తెలుగు వ్యాకరణ విద్యార్థికి కొత్తది కాదు. కొత్తది ఏమంటే, ఆంగ్లం ఆ సందిగ్ధతను తొలగించడానికి ప్రత్యేకమైన ఏర్పాటు చేసుకున్నది. ఆ ఏర్పాటు అయిదో విభాగంలో వివరించబడుతుంది. దానికి ముందు క్రియకూ ప్రిపొజిషన్‌కూ ఉన్న బంధం తెలియాలి.

4. క్రియ ఎన్నుకునే ప్రిపొజిషన్:

ప్రిపొజిషన్‌కు స్వతంత్రమైన అర్థం ఉన్నదనీ, 'ఆన్' అంటే మీద, 'ఇన్' అంటే లో అనీ నేర్పడం పరిపాటి. స్థలాన్ని తెలిపేటప్పుడు ఇది కొంతవరకు సరిపోతుంది. క్రియతో కలిసినప్పుడు మాత్రం ప్రిపొజిషన్‌ను నిర్ణయించేది చాలావరకు ఆ క్రియే. తెలుగు క్రియ కూడా తన విభక్తిని తానే కోరుకుంటుంది. రెండు భాషల కోరికలను పోలిస్తే నాలుగు వర్గాలు ఏర్పడతాయి.

మొదటిది, రెండూ కలిసే వర్గం. 'సరస్సు మీద ఆధారపడు' అన్నదానికి 'డిపెండ్ ఆన్ ది లేక్', 'వరద నుండి రక్షించు' అన్నదానికి 'ప్రొటెక్ట్ ఫ్రమ్ ది ఫ్లడ్'. ఇక్కడ దోషాలు తక్కువ.

రెండవది, తెలుగులో ప్రత్యయం ఉండి ఆంగ్లంలో ఏమీ లేని వర్గం. ఏలూరుకు చేరడం 'రీచ్ ఏలూరు'. సరస్సులోకి ప్రవేశించడం 'ఎంటర్ ది లేక్'. సమస్య గురించి చర్చించడం 'డిస్కస్ ది ప్రాబ్లమ్'. 'రీచ్ టు', 'డిస్కస్ అబౌట్' అన్న దోషాలు ఈ వర్గానికి చెందినవి.

మూడవది, తెలుగులో ద్వితీయ లేదా ప్రత్యయం లేని రూపం ఉండి, ఆంగ్లంలో ప్రిపొజిషన్ అవసరమయ్యే వర్గం. పక్షులను చూడటం 'లుక్ ఎట్ ది బర్డ్స్'. పాట వినడం 'లిజన్ టు ఎ సాంగ్'. పరిహారం అడగడం 'ఆస్క్ ఫర్ కాంపెన్సేషన్'.

నాలుగవది, రెండింటిలోనూ ప్రత్యయం ఉన్నా అర్థాలు కలవని వర్గం. పాముకు భయపడేవాడు ఆంగ్లంలో 'అఫ్రెయిడ్ ఆఫ్ స్నేక్స్'. జ్వరంతో బాధపడేవాడు 'సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్'. గూడేనికి బస్సులో వెళ్లేవాడు 'బై బస్' వెళ్తాడు.

ఒకే క్రియ రెండు ప్రిపొజిషన్లతో రెండు అర్థాలిచ్చే సందర్భాలు మరింత జాగ్రత్తను కోరుతాయి. అభయారణ్య పరిధిని '+3 కాంటూరుకు తగ్గించడం' వేరు, 'మూడు అడుగులు తగ్గించడం' వేరు. తెలుగులో 'కు' ప్రత్యయం ఈ తేడాను చూపుతుంది. ఆంగ్లంలో మొదటిది 'రిడ్యూస్ టు', రెండవది 'రిడ్యూస్ బై'. +5 నుండి మూడు అడుగులు తగ్గిస్తే మిగిలేది +2. ఒక్క ప్రిపొజిషన్ మారితే పటంలోని గీత మారుతుంది, ఆ గీతకు లోపల, వెలుపల ఉండే ఊళ్లు మారుతాయి.

5. క్రియ నామమైనప్పుడు:

పరిశోధన రచనలోనూ, పరిపాలన భాషలోనూ క్రియలు తరచుగా నామాలుగా మారుతాయి. 'ప్రభుత్వం గట్లను తొలగించింది' అన్న వాక్యం 'ప్రభుత్వపు గట్ల తొలగింపు' అవుతుంది. తెలుగులో కర్త, కర్మ రెండూ ఒకే రకపు సంబంధ రూపాల్లోకి వచ్చాయి. అందుకే వినడానికి కొంత ఇబ్బందిగా ఉంటుంది. గట్లు ప్రభుత్వానివా అన్న అనుమానం కూడా కలుగుతుంది. 'ప్రభుత్వం గట్లను తొలగించడం' అన్నదే సహజమైన తెలుగు.

ఆంగ్లంలో ఇదే మార్పు ఒక క్రమాన్ని పాటిస్తుంది. కర్త ముందుకు వచ్చి ఎస్ రూపం ధరిస్తుంది. కర్మ వెనుక నిలిచి 'ఆఫ్'ను తీసుకుంటుంది: 'ది గవర్నమెంట్స్ రిమూవల్ ఆఫ్ ది బండ్స్'. కర్తను వెనుకకు జరిపితే దానికి 'బై' వస్తుంది: 'ది రిమూవల్ ఆఫ్ ది బండ్స్ బై ది గవర్నమెంట్'. ఈ క్రమాన్ని సగంలో ఆపి 'ది గవర్నమెంట్స్ రిమూవల్' అని మాత్రమే రాస్తే, ప్రభుత్వం దేనినో తొలగించిందా, ప్రభుత్వాన్నే తొలగించారా అన్నది తెలియదు. సందిగ్ధతను తీర్చేది 'ఆఫ్' పదబంధమే. అకర్మక క్రియల్లో ఈ చిక్కు లేదు. 'ది పెలికన్స్ ఎరైవల్' అన్నా, 'ది ఎరైవల్ ఆఫ్ ది పెలికన్స్' అన్నా వచ్చినవి గూడబాతులే.

క్రియకు స్వంతమైన ప్రిపొజిషన్ ఉంటే అది నామంలోనూ కొనసాగుతుంది. 'డిపెండ్ ఆన్' అన్నది 'ది ఫిషర్‌మెన్స్ డిపెండెన్స్ ఆన్ ది లేక్' అవుతుంది. ఇందులో క్రియ, ప్రిపొజిషన్, సంబంధార్థక నామం మూడూ ఒకచోట కలిశాయి: ఆధారపడేవారు ఎస్ రూపంలోనూ, ఆధారం 'ఆన్' తరువాతనూ, క్రియ వాటి నడుమ నామంగానూ నిలిచాయి.

దోషాలకు మరొక మూలం ఇక్కడే ఉంది. కొన్ని క్రియలు ప్రిపొజిషన్ లేకుండా కర్మను గ్రహిస్తాయి. అవే నామాలైతే 'ఆఫ్'కు బదులు వేరొక ప్రిపొజిషన్‌ను కోరుతాయి. 'ఎంటర్ ది లేక్' కాని 'ఎంట్రీ ఇన్‌టు ది లేక్'. 'అఫెక్ట్ ది బర్డ్స్' కాని 'ఎఫెక్ట్ ఆన్ ది బర్డ్స్'. 'డిమాండ్ కాంపెన్సేషన్' కాని 'ఎ డిమాండ్ ఫర్ కాంపెన్సేషన్'. 'ఎంఫసైజ్ ది నీడ్' కాని 'ఎంఫసిస్ ఆన్ ది నీడ్'. విద్యార్థి నామంతో విన్న ప్రిపొజిషన్‌ను క్రియకు కూడా అంటగట్టి 'డిమాండెడ్ ఫర్', 'ఎంఫసైజ్డ్ ఆన్' అని రాస్తాడు. తెలుగులో ఇటువంటి ప్రత్యయం లేకపోయినా ఈ దోషం వస్తున్నదంటే, దానికి మాతృభాషా ప్రభావం ఒక్కటే కారణం కాదు. ఆంగ్లంలోని ఒక రూపం నుండి మరొక రూపాన్ని ఊహించే ప్రయత్నం కూడా కారణమే. కార్డర్ చూపు ఇక్కడ అక్కరకు వస్తుంది: విద్యార్థి నియమాన్ని విస్మరించలేదు, ఉన్న నియమాన్ని చెల్లని చోటికి పొడిగించాడు.

6. 'ఉండు' – 'హ్యావ్' – స్వామ్యం:

ఇంతవరకు ఆంగ్లం విడదీసిన వాటిని తెలుగు కలిపిన సందర్భాలు చూడటం జరిగింది. స్వామ్యం విషయంలో పరిస్థితి తలక్రిందులవుతుంది. 'హ్యావ్' వంటి క్రియ తెలుగులో లేదు. 'ఉండు' అన్న క్రియతో చేరే విభక్తే స్వామ్య భేదాన్ని తెలుపుతుంది. 'రైతుకు రెండెకరాల భూమి ఉంది' అన్నది యాజమాన్యం. 'రైతు దగ్గర డబ్బు ఉంది' అన్నది ప్రస్తుతం చేతనున్న స్థితి. 'సరస్సులో చేపలున్నాయి' అన్నది ఆధారం. 'హ్యావ్' ఈ మూడింటికీ చెల్లుతుంది. బాలవ్యాకరణం 'కి, కు' ప్రత్యయాలను 'యొక్క'తో పాటు షష్ఠిలోనే చేర్చడం ఈ సందర్భంలో గుర్తుచేసుకోదగినది. 'రైతుకు భూమి ఉంది', 'రైతు భూమి' అన్న రెండింటి సామీప్యం ఆ అమరికలో కనిపిస్తుంది.

కొల్లేటి భూముల్లో జిరాయితీ, డి–పట్టా, ప్రభుత్వ భూమి అన్న భేదాలున్నాయి. 'రైతుల చెరువులు' అన్న తెలుగు మాట యాజమాన్యాన్నీ, సాగునూ, అనుభవాన్నీ దేనినైనా సూచించవచ్చు. దానిని 'ది ఫార్మర్స్ ట్యాంక్స్' అని రాస్తే చదివేవాడు ముందుగా యాజమాన్యాన్నే ఊహించే అవకాశం ఉంది. ఉద్దేశం సాగు మాత్రమే అయితే 'ట్యాంక్స్ కల్టివేటెడ్ బై ది ఫార్మర్స్' అన్న క్రియాసహితమైన రూపం నిస్సందేహం.

స్వామ్యాన్ని తెలిపే 'పొజెషన్' అన్న నామమే ఇందుకు గట్టి ఉదాహరణ. 'ది ఫార్మర్ ఈజ్ ఇన్ పొజెషన్ ఆఫ్ ది ల్యాండ్' అంటే భూమి రైతు స్వాధీనంలో ఉందని అర్థం. 'ది ల్యాండ్ ఈజ్ ఇన్ ది పొజెషన్ ఆఫ్ ది ఫార్మర్' అన్నా అదే అర్థం. మొదటి వాక్యంలో 'ఆఫ్' తరువాత వచ్చినది వస్తువు, రెండవ వాక్యంలో వ్యక్తి. ఈ మార్పుకు గుర్తు 'పొజెషన్'కు ముందు చేరిన 'ది'. దానిని గమనించక పదాలను తారుమారు చేస్తే, భూమే రైతును స్వాధీనం చేసుకున్నదన్న వాక్యం తయారవుతుంది.

7. బోధనకు సూచనలు:

మొదటిది, ప్రిపొజిషన్‌ను విడిగా కాక క్రియతోనూ, ఆ క్రియ నుండి వచ్చిన నామంతోనూ కలిపి నేర్పాలి. 'డిస్కస్ ది ప్రాబ్లమ్ – ఎ డిస్కషన్ ఆఫ్ ది ప్రాబ్లమ్' అన్న జంటగా ఇస్తే రెండూ ఒకదానికొకటి కాపు కాస్తాయి.

రెండవది, తెలుగు షష్ఠీ పదబంధాన్ని అనువదించడానికి ముందు దానిని వాక్యంగా విప్పించాలి. 'చెరువుల తొలగింపు' అన్నప్పుడు ఎవరు, దేనిని అన్న రెండు ప్రశ్నలు వేయాలి. ఎవరు అన్నదానికి ఎస్ రూపం లేదా 'బై', దేనిని అన్నదానికి 'ఆఫ్' లేదా ఆ నామం కోరే ప్రిపొజిషన్ వస్తుందని చూపాలి. కారక ప్రకరణం చదివిన తెలుగు విద్యార్థికి ఈ ప్రశ్నలు పరిచితమే.

మూడవది, సంబంధార్థకాన్ని చెవితో కాక కంటితో నేర్పాలి. 'ఫార్మర్స్' అన్న ఉచ్చారణ బహువచనానికీ, ఏకవచన షష్ఠికీ, బహువచన షష్ఠికీ సమానం. రోమన్ లిపిలో అపాస్ట్రఫీ స్థానమే వాటిని వేరుచేస్తుంది. తెలుగు లిపిలో రాస్తే ఆ తేడా కనిపించదు. అందుచేత ఈ పాఠం నల్లబల్ల మీదనే జరగాలి.

నాలుగవది, వ్యతిరేక దిశను కూడా గమనించాలి. ఆంగ్లంలోని ప్రతి 'ఆఫ్'కూ 'యొక్క' పెట్టే అలవాటు తెలుగు పరిశోధన వ్యాసాల్లో వ్యాపించింది. 'కొల్లేరు యొక్క గట్టు' అని రాసేవాడు 'కొల్లేటి గట్టు' అన్న రూపాన్ని పోగొట్టుకుంటాడు. ఔపవిభక్తికం తెలిసిన విద్యార్థికి 'యొక్క' అరుదుగా గాని అవసరం కాదు.

8. ముగింపు:

ఆంగ్లంలో క్రియ, ప్రిపొజిషన్, సంబంధార్థక నామం ఒకే సంబంధ వ్యవస్థలోని మూడు స్థానాలు. క్రియ నామమైనప్పుడు కర్త సంబంధార్థకమై, కర్మ ప్రిపొజిషన్‌ను ఆశ్రయించడం ఆ వ్యవస్థకు కేంద్రం. తెలుగు ఔపవిభక్తిక రూపం ఈ సంబంధాలను చాలావరకు సందర్భానికి వదిలివేస్తుంది. స్వామ్యంలో మాత్రం ఆంగ్లం కలిపివేసిన భేదాలను తెలుగే విభక్తితో నిలుపుతుంది. కాబట్టి ఒక భాష స్పష్టమైనది, మరొకటి అస్పష్టమైనది అన్న నిర్ణయం చెల్లదు. ఏ భాష ఎక్కడ విడదీస్తుంది, ఎక్కడ కలుపుతుంది అన్నది తెలియడమే అవసరం. ఏలూరులోని తరగతిలో గాని, తాడేపల్లిగూడెంలోని సాంకేతిక విద్యాసంస్థలో గాని 'కొల్లేటి' అన్న ఒక్క మాటను విప్పి చూపడంతో ఈ పాఠం మొదలుపెట్టవచ్చు. ముంచినది కొల్లేరా, మునిగినది కొల్లేరా అన్న ప్రశ్నకు తెలుగులో సమాధానం చెప్పగలిగిన విద్యార్థి, ఆంగ్లంలో 'బై' రాయాలో 'ఆఫ్' రాయాలో తానే నిర్ణయించుకోగలడు.